ఉద్యోగంలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం: మీ ఎదుగుదల లెక్క మీరే వేసుకునే పద్ధతి

బెంగళూరులో చాలా కంపెనీల హైక్ లెటర్లు, అంటే జీతం ఎంత శాతం పెరిగిందో చెప్పే కాగితాలు, ఏప్రిల్, జూలై మధ్యలో చేతికొస్తాయి. అందులో ఉండే శాతాన్ని నిర్ణయించేవి చాలా ఉంటాయి. ఆ ఏడాది జీతాలకని కంపెనీ ఎంత పక్కన పెట్టింది, ఆ డబ్బును మీ టీమ్‌లో ఎంతమంది పంచుకోవాలి, మీ మేనేజరు మాట పైవాళ్ళ దగ్గర ఎంతవరకు చెల్లుతుంది, ఇవన్నీ అందులో కలిసి ఉంటాయి. మీ పనితనం వాటిలో ఒకటి మాత్రమే. అందుకే 6 శాతం వచ్చినవాళ్ళు బాగా ఎదిగి ఉండొచ్చు, 14 శాతం వచ్చినవాళ్ళు ఉన్నచోటే ఆగిపోయి ఉండొచ్చు. కొలిచే పనిని కంపెనీకే వదిలేస్తే ఈ తేడా మనకు తెలియదు. సొంతంగా కొలుచుకోవడానికి ఏడాదికి ఓ ఏడెనిమిది గంటలు, వారానికి పది నిమిషాలు పెడితే సరిపోతుంది.

ఉగాది కూడా అప్రైజల్ రోజుల్లోనే, అంటే కంపెనీ మన ఏడాది పనిని తూచే రోజుల్లోనే వస్తుంది. పంచాంగంలో ప్రతి రాశికీ నాలుగు అంకెలు ఇస్తారు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. ఉద్యోగాన్ని తూచడానికి ఇంతకంటే మంచి గళ్ళు దొరకవు. ఏం సంపాదించాం, దానికి ఏం ఖర్చయింది, ఎవరు మనల్ని నమ్మారు, ఎక్కడ మనల్ని పక్కన పెట్టారు. ఈ నాలుగూ ఒకే కాగితం మీద కనపడితేనే తర్వాతి అడుగు ఎటు వేయాలో తేలుతుంది.

ఎప్పుడు కూర్చోవాలి, ఏం దగ్గర పెట్టుకోవాలి

లెటర్ వచ్చిన వారంలో ఈ పని పెట్టుకోవద్దు. కోపంలోనో ఆనందంలోనో వేసిన లెక్క నిలవదు. పైగా అప్పటికే ఆ ఏడాది ఆట అయిపోయి ఉంటుంది. రేటింగులు ఖరారయ్యేది మేనేజర్లంతా కూర్చుని తమ మనుషులను ఒకరితో ఒకరిని పోల్చుకునే సమావేశంలో. మీతో ముఖాముఖి మాట్లాడేసరికి అది ముగిసి కొన్ని వారాలు గడిచిపోతాయి. మీ కంపెనీ లెక్క ఏప్రిల్ నుంచి మార్చి వరకైతే అక్టోబరు, నవంబరుల్లో కూర్చోండి. జనవరి నుంచి డిసెంబరు వరకైతే జూన్, జూలైల్లో. అప్పుడైతే తేలిన లోటును పూడ్చుకోవడానికి ఇంకా నాలుగైదు నెలలు చేతిలో ఉంటాయి.

రెండు విడతలుగా, ఒక్కోసారి రెండు గంటలు, మధ్యలో వారం రోజులు ఎడం ఉండేలా పెట్టుకోండి. మొదటి విడతలో వాస్తవాలు మాత్రమే రాయాలి. నిర్ణయాలు రెండో విడతలో. ఒకేసారి రెండూ చేస్తే ముందే మనసులో ఉన్న నిర్ణయానికి తగ్గట్టు వాస్తవాలను ఏరుకుంటాం.

దగ్గర ఉంచుకోవాల్సినవి: చేరినప్పటి ఆఫర్ లెటర్, ఇప్పటిదాకా వచ్చిన హైక్ లెటర్లు అన్నీ, గత మూడేళ్ళ ఫారం 16లు, ఈ నెల పే స్లిప్, పీఎఫ్ పాస్‌బుక్, గత రెండు అప్రైజళ్ళలో మేనేజరు రాసిన వ్యాఖ్యలు, గత మూడు నెలల ఆఫీసు క్యాలెండరు. వీటిలో మీ సొంత కాగితాలను ఇంట్లో దాచుకోవచ్చు. ఆఫీసు ఫైళ్ళను, కస్టమర్ల పేర్లున్న రిపోర్టులను సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. చాలా కంపెనీల్లో అలా వెళ్ళే మెయిళ్ళను పట్టుకునే ఏర్పాటు ఉంటుంది, దాని మీద ఉద్యోగాలు పోతాయి. మీరు చేసిన పనిని మీ మాటల్లో, కస్టమరు పేరు లేకుండా, సొంత నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు.

పని చిట్టా

మొత్తం పద్ధతికి పునాది ఇదే. మిగతావన్నీ వదిలేసినా దీన్ని వదలొద్దు. శుక్రవారం సాయంత్రం ఊరి బస్సు ఎక్కేముందు పది నిమిషాలు తీసుకుని ఆ వారం చేసిన వాటిలో చెప్పుకోదగ్గవి ఒకటి రెండు రాయండి. ఏమీ లేకపోతే తేదీ వేసి ఖాళీగా వదలండి. వరసగా ఆరు వారాలు ఖాళీ కనపడితే అది కూడా సమాచారమే.

ఒక్కో పనికి నాలుగు వాక్యాలు ఉండాలి. ముందు పరిస్థితి ఏమిటి, మీరు స్వయంగా ఏం చేశారు, తర్వాత ఏం మారింది, ఆ మార్పు వల్ల లాభపడింది ఎవరు. "రిపోర్టింగ్ మాడ్యూల్‌ను మెరుగుపరిచాం" అన్న వాక్యంతో ఆర్నెల్ల తర్వాత మీకే ఉపయోగం ఉండదు. ఇలా రాసుకోండి: "నెలాఖరు బిల్లింగ్ రిపోర్టు తయారవడానికి 6 గంటలు పట్టేది. ఆలస్యం ఒకే క్వెరీ దగ్గరని పట్టుకుని, పాత డేటాను వేరే టేబుల్‌లోకి మార్చాను. ఇప్పుడు 40 నిమిషాలు పడుతోంది. ఫైనాన్స్ వాళ్ళు ఒకటో తేదీ పొద్దున్నే బిల్లులు పంపగలుగుతున్నారు." చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. కానీ మేనేజర్ల సమావేశంలో మీ తరఫున మాట్లాడేవాళ్ళకు పనికొచ్చేది అదే, ఎందుకంటే అక్కడ కూర్చున్న మిగతావాళ్ళకు మీ క్వెరీ గురించి తెలియదు, ఫైనాన్స్ వాళ్ళ గోడు తెలుసు.

అంకెలు దొరకని పనులుంటాయి. అప్పుడు ఎన్నిసార్లు, ఎంతమందికి, ఏ ఫిర్యాదు ఆగిపోయింది అన్నది రాయండి. కొత్తగా చేరిన ఇద్దరికి నేర్పితే, వాళ్ళు సొంతంగా మొదటి పని పూర్తిచేయడానికి ఎన్ని వారాలు పట్టిందో, అంతకుముందు వచ్చినవాళ్ళకు ఎన్ని పట్టిందో రాయండి. మన ఇళ్ళలో ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకోవడం తప్పని పెంచుతారు. అందుకే చేసినదాన్ని "మేం" కింద కప్పేస్తాం. చిట్టా మీ కోసం రాసుకునేది, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఇద్దరు కలిసి చేస్తే ఎవరి పాలు ఏదో విడదీసి రాస్తే అవతలి మనిషికి కూడా న్యాయం జరుగుతుంది.

ఆదాయం: ముందు జీతం, తర్వాత మెట్టు

జీతాన్ని సీటీసీతో, అంటే కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చుతో పోల్చుకుంటే మోసపోతాం. 18 లక్షల సీటీసీని తీసుకుని విప్పి చూద్దాం. అందులో బేసిక్ సగం, అంటే 9 లక్షలు అనుకోండి. కంపెనీ కట్టే పీఎఫ్ బేసిక్ మీద 12 శాతం, 1,08,000. గ్రాట్యుటీ కింద చూపించే 4.81 శాతం 43,290. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ 10 శాతం ఉంటే 1,80,000. ఇవి తీసేస్తే మిగిలేది 14,68,710, అంటే నెలకు దాదాపు 1,22,400. అందులోంచి మీ వాటా పీఎఫ్ 9,000, కర్ణాటక వృత్తి పన్ను 200 పోతే 1,13,200. ఆదాయపన్ను ఇంకా మిగిలే ఉంది. 18ని 12తో భాగించి లక్షన్నర అనుకున్నవాళ్ళకు ఇక్కడ దిమ్మ తిరుగుతుంది. రెండు ఉద్యోగాలను పోల్చేటప్పుడు వేరియబుల్ కలపని ఫిక్స్‌డ్‌ను ఫిక్స్‌డ్‌తోనే పోల్చండి. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15,000 జీతం మీదే లెక్కగట్టి నెలకు 1,800 మాత్రమే కడతాయి. అక్కడ చేతికి ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది, దాచుకునేది తగ్గుతుంది.

తర్వాత ధరల పెరుగుదల తీసేయాలి. మూడేళ్ళలో 8, 7, 9 శాతం హైకులు వస్తే మొత్తం పెరుగుదల దాదాపు 26 శాతం. అదే సమయంలో ధరలు ఏటా 5 శాతం పెరిగితే మొత్తం 15.8 శాతం. నిజంగా పెరిగింది మూడేళ్ళకు 9 శాతం కన్నా తక్కువ, ఏడాదికి 3 కూడా లేదు. మీ ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజు అంతకంటే వేగంగా పెరుగుతుంటే ఆ అంకెలే వాడండి. మీ లెక్క మీ ఇంటిది.

జీతం కన్నా ముఖ్యమైనది రెండోది: ఎలాంటి పనిని మీ చేతికి వదిలేస్తున్నారు. దీనికి ఐదు మెట్లు పెట్టుకోవచ్చు.

ఒకటి, ఏం చేయాలో, ఎలా చేయాలో రెండూ ఎవరో చెబుతారు.
రెండు, ఏం చేయాలో చెబుతారు, ఎలా చేయాలన్నది మీ ఇష్టం.
మూడు, సమస్యను మాత్రమే చెబుతారు, దారి మీరు వెతుకుతారు.
నాలుగు, అసలు ఏది సమస్యో మీరే గుర్తించి, దాని మీద సమయం పెట్టేలా పైవాళ్ళను ఒప్పిస్తారు.
ఐదు, మీరు లేకపోయినా ఆ పని సాగేలా మనుషులను తయారుచేస్తారు, రెండు మూడు టీములు మీ నిర్ణయం కోసం చూస్తాయి.

ఇది సాఫ్ట్‌వేర్‌కే కాదు. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలోని మెషిన్ షాపులో లోడ్ చేసిన ప్రోగ్రామ్ మీద పీసులు తీసే సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే మెషిన్) ఆపరేటరు మొదటి మెట్టు మీద ఉంటాడు. టూల్ ఆఫ్‌సెట్లు (పనిముట్ల కొలతల సర్దుబాటు) పెట్టి ఫస్ట్ పీస్ ఓకే చేయించే సెట్టరు రెండో మెట్టు. కొత్త డ్రాయింగ్ చూసి ప్రోగ్రామ్ రాసి, పీసును కదలకుండా పట్టి ఉంచే ఫిక్స్చర్ ఎలా ఉండాలో చెప్పేవాడు మూడు. సైకిల్ టైమ్ ఎక్కడ పోతోందో, రిజెక్షన్ ఎందుకొస్తోందో ఎవరూ అడగకుండానే పట్టుకుని సరిచేయించేవాడు నాలుగు. ఆపరేటరుగా పదేళ్ళున్నా సెట్టింగ్ నేర్చుకోకపోతే మెట్టు మారదు, సర్వీసు మాత్రమే పెరుగుతుంది.

క్యాలెండరు, చిట్టా ముందు పెట్టుకుని గత మూడు నెలల్లో చేసిన ఎనిమిది పది పనులు రాయండి. ప్రతిదాని పక్కన మెట్టు అంకె, మీ సమయంలో అది ఎంత శాతం తిన్నదో వేయండి. ఇప్పుడు రెండేళ్ళ కిందటి మూడు నెలలకు అదే చేయండి. సగం కన్నా ఎక్కువ సమయం అప్పుడున్న మెట్టు మీదే గడుస్తుంటే, హోదా పేరు మారినా మీరు ఆగిపోయారని అర్థం. ఒక మినహాయింపు ఉంది. కొత్త కంపెనీలోకో కొత్త రంగంలోకో వచ్చిన మొదటి ఆర్నెల్లు, ఏడాది ఒక మెట్టు కిందికి దిగడం మామూలే, దానికి కంగారుపడొద్దు.

వ్యయం

ఈ గడిని ఖాళీగా వదిలేసేవాళ్ళే ఎక్కువ. బెంగళూరులో మాత్రం ఇది లెక్క వేయకుండా ఏ ఉద్యోగాన్నీ మంచిదనో చెడ్డదనో అనడానికి లేదు. సిల్క్ బోర్డు మీదుగానో ఔటర్ రింగ్ రోడ్డు మీదుగానో పోను గంటన్నర, రాను గంటన్నర, వారానికి మూడు రోజులు, ఏడాదికి 48 వారాలు అనుకుంటే 432 గంటలు. తొమ్మిది గంటల పనిదినాలుగా మార్చితే 48 రోజులు.

రాత్రి కాల్స్‌ను కూడా కలపండి. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియాలో ఉదయం 9 అంటే రాత్రి 9:30 లేదా 10:30. రెండు ఆఫర్లు ఒకే జీతానికి ఉన్నా అవతలి టీమ్ ఏ తీరంలో ఉందో అడిగి తెలుసుకోవాల్సింది ఇందుకే.

ఇప్పుడు గంటకు ఎంత వస్తోందో చూడండి. మీకు 18 లక్షలు, వారానికి 45 గంటల పని, 3 గంటల ప్రయాణం ఉందనుకుందాం. ఏడాదికి 48 వారాల లెక్కన గంటకు 781 రూపాయలు. కొత్త ఆఫర్ 20.7 లక్షలు, 50 గంటల పని, ఐదు రోజులూ ఆఫీసుకు రానూపోనూ 15 గంటలు. గంటకు 663. జీతం 15 శాతం పెరిగింది, గంట విలువ 15 శాతం తగ్గింది. అయినా ఆ ఉద్యోగంలో మీరు రెండో మెట్టు నుంచి మూడో మెట్టుకు వెళ్తుంటే రెండేళ్ళు భరించడం మంచి బేరమే. మెట్టు మారకుండా గంట విలువ తగ్గే ఉద్యోగానికి మాత్రం వెళ్ళొద్దు.

నిద్ర, నడుము నొప్పి, ఊళ్ళో అమ్మానాన్నలను చూడ్డానికి వెళ్ళలేకపోయిన పండగలు కూడా ఇదే గడిలోవి. వీటికి రూపాయల్లో విలువ కట్టలేం, పేరు పెట్టి రాసుకుంటే చాలు. వచ్చే ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తాయి.

రాజపూజ్యం, అవమానం

కష్టమైన పని వచ్చినప్పుడు మిమ్మల్నే కావాలని పేరు పెట్టి అడిగేవాళ్ళెవరు? మీ టీమ్ లోపలివాళ్ళు, బయటివాళ్ళు అని రెండు వరసల్లో రాయండి. బయటి వరసలో కనీసం ముగ్గురు లేకపోతే మీ పని ఎంత మంచిదైనా మీ మేనేజరు మారిన రోజు దానికి సాక్షులు ఉండరు. బెంగళూరు ఆఫీసుల్లో టీములు కలపడం, విడగొట్టడం తరచుగా జరుగుతుంది. ఇది అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే పరిస్థితి.

ఇక్కడ మనవాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. భోజనానికి, టీకి, క్యాబ్‌లో అంతా తెలుగువాళ్ళతోనే తిరిగితే రోజులు హాయిగా గడుస్తాయి. కానీ బయటి వరస పెరగదు. వారానికి ఒక్క మధ్యాహ్నం వేరే టీమ్‌వాళ్ళతో కూర్చోండి. కన్నడ నేర్చుకోండి. లిపి మన లిపికి ఎంత దగ్గరంటే బస్సు బోర్డులు, దుకాణాల పేర్లు చదువుతూ కొన్ని వారాల్లోనే అక్షరాలు పట్టుబడతాయి. షాప్ ఫ్లోర్, ఆసుపత్రి, సేల్స్, ప్రభుత్వ కార్యాలయాలతో పని పడే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు కన్నడ రావడం వల్ల నేరుగా పై మెట్టు దొరుకుతుంది, ఎందుకంటే మనుషులను నడిపించే పని భాష లేకుండా సాగదు.

అవమానం గడిలో గత పన్నెండు నెలల్లో మిమ్మల్ని పక్కన పెట్టిన సందర్భాలు మూడు రాయండి. మీరు కోరుకున్న ప్రాజెక్టు ఇంకొకరికి వెళ్ళడం, కస్టమరుతో మీటింగుకు మిమ్మల్ని పిలవకపోవడం, ప్రమోషన్ జాబితాలో పేరు లేకపోవడం లాంటివి. ప్రతిదాని పక్కన ఎవరో మీకు చెప్పిన కారణం ఒక గడిలో, మీరు ఊహించుకున్న కారణం ఇంకో గడిలో రాయండి. చెప్పిన కారణం గడి ఖాళీగా ఉంటే మీకు రాజకీయం జరిగిందో, లోటు ఉందో తెలియదు. తెలుసుకోవాలంటే అడగాలి. ఎలా అడగాలో కింద ఉంది.

ఎక్కడ పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి కొలత మారుతుంది

సర్వీసెస్ కంపెనీల్లో హోదా ఏళ్ళను బట్టి మెల్లగా మారుతుంది. అక్కడ చూడాల్సింది క్లయింట్ మిమ్మల్ని పేరుతో అడుగుతున్నాడా, ప్రాజెక్టు ముగిశాక ఇంకో ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఎన్నాళ్ళున్నారు అన్నవి. విదేశీ కంపెనీల సొంత సెంటర్లలో, అంటే జీసీసీల్లో, జీతం బాగుంటుంది, కానీ నిర్ణయం ఎక్కడ జరుగుతోందో చూడాలి. గత మూడు నెలల్లో జరిగిన ఐదు పెద్ద నిర్ణయాలు రాసి, అందులో ఎన్ని బెంగళూరులో తీసుకున్నారో లెక్కపెట్టండి. ఒక్కటీ లేకపోతే ఆ సెంటరులో నాలుగో మెట్టు లేనట్టే, మీరెంత కష్టపడినా. స్టార్టప్‌లలో రెండేళ్ళకే పెద్ద హోదాలిస్తారు. బయటికి వెళ్ళేటప్పుడు పెద్ద కంపెనీలు ఆ హోదాను ఒకటి రెండు స్థాయిలు తగ్గించి చూస్తాయి. అక్కడి లాభం మెట్లు వేగంగా ఎక్కడమే, కార్డు మీద పేరుతో మురిసిపోవద్దు. షేర్లు ఇస్తామంటే సాధారణంగా నాలుగేళ్ళకు పంచి, మొదటి ఏడాది పూర్తయ్యేదాకా ఏమీ ఇవ్వరు. హెచ్ఏఎల్, బీఈఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థల్లో గ్రేడులు, పనితీరు మీద వార్షిక రిపోర్టులు, డీపీసీల (ప్రమోషన్లు తేల్చే కమిటీల) పద్ధతులు ముందే రాసిపెట్టి ఉంటాయి. అక్కడ ప్రమోషన్ నియమాల పత్రం తెప్పించుకుని చదవడమే సగం పని.

తర్వాతి చోటు ఎంచుకోవడం

రెండో విడతలో ముందుగా చేయాల్సింది ఇదీ. మీరు వెళ్ళాలనుకునే తర్వాతి ఉద్యోగానికి బెంగళూరులో వచ్చిన 20 ప్రకటనలు సేకరించండి. ప్రతి ప్రకటనలో అడిగిన నైపుణ్యాలను ఎక్సెల్‌లో ఒక్కో వరసలో వేసి ఎన్నింటిలో కనిపించిందో లెక్కపెట్టండి. 10 కన్నా ఎక్కువ ప్రకటనల్లో ఉన్నది తప్పనిసరి. 5 నుంచి 10 మధ్యలో ఉన్నది ఉంటే మంచిది. ఒకటి రెండింటిలోనే ఉన్నదాని జోలికి పోవద్దు, అది ఆ కంపెనీ గోల. ఎవరో వాట్సాప్‌లో పంపిన "ఈ ఏడాది నేర్చుకోవాల్సిన పది విషయాలు" జాబితా కన్నా మీరు వేసుకున్న ఈ పట్టికను నమ్మొచ్చు. ఆ తర్వాత అదే పని చేస్తున్న ఇద్దరితో అరగంట చొప్పున మాట్లాడండి. జీతం అడగొద్దు, నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం చేశారని అడగండి. ఆ రోజు మీకు నచ్చకపోతే ఆ ఉద్యోగం కూడా నచ్చదు.

మేనేజరు కావడమే ఎదుగుదల అన్న నమ్మకం మన పెళ్ళిచూపుల దాకా పాకింది. నిజానికి అది వేరే ఉద్యోగం. హోదా లేకుండానే మూడు నెలలు పరీక్షించుకోవచ్చు: లీడ్ సెలవులో ఉన్నప్పుడు పనులు పంచండి, కొత్తవాళ్ళకు నేర్పండి, ఒక పనికి ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేసి ఆ మాట మీద నిలబడండి, ఆలస్యం చేస్తున్న సహచరుడితో నేరుగా మాట్లాడండి. చివరిది తప్పించుకుంటున్నారంటే మేనేజరు దారి మీకు ఇప్పుడే కాదు. సాంకేతికంగా లోతుకు వెళ్ళే దారి ఉన్న కంపెనీని వెతుక్కోవడం అంతకంటే మేలు.

ఒక పేజీ ప్రణాళిక

పైన తర్వాతి చోటు పేరు, 18 నెలల తర్వాతి తేదీ. కింద లోట్లు, మూడుకు మించకుండా. ఐదారు రాసుకున్నవాళ్ళు ఒక్కటీ పూర్తిచేయరు, ఎందుకంటే ఆఫీసు, ఇల్లు పోగా చదువుకు వారానికి మిగిలేది నాలుగు గంటలే. ప్రతి లోటుకూ మూడు రాయండి: దాన్ని పూడ్చే ఆఫీసు పని ఏది, ఆ పనిని చూసే మనిషి ఎవరు, ఎప్పటికి.

ఆఫీసు పని లేకుండా కోర్సు మాత్రమే రాస్తే ఆ వరస కొట్టేయండి. వాడని విద్య ఆర్నెల్లలో పోతుంది, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే బయటపడుతుంది. కోర్సు కావాల్సి వస్తే ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్ మంచిది. చదవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి. కోర్సులు జనవరిలో, జూలైలో మొదలవుతాయి. అసైన్‌మెంట్లకు 25, సెంటరుకు వెళ్ళి రాసే పరీక్షకు 75 మార్కులు. 12 వారాల కోర్సయితే 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి రెండు మూడు వారాలు ఆఫీసు రద్దీలో తప్పినా వదిలేయొద్దు.

మేనేజరుతో మాట్లాడటం

వారం వారం జరిగే మీటింగు చివరి ఐదు నిమిషాల్లో అడిగితే జవాబు కూడా ఐదు నిమిషాలదే వస్తుంది. విడిగా 30 నిమిషాలు అడగండి, దేని గురించో ముందే చెప్పండి. చిట్టాలోంచి నాలుగైదు పనులున్న ఒక పేజీని రెండు రోజుల ముందు పంపండి. అందరూ ఒకరినొకరు పేర్లతో పిలుచుకునే ఆఫీసుల్లో కూడా మనకు ఇక్కడ మొహమాటం అడ్డొస్తుంది. ప్రశ్న ముందే రాసుకుని వెళ్తే నోరు పెగులుతుంది: "తర్వాతి స్థాయికి నా పనిలో మీకు కనిపించే లోటు ఏమిటి? గత ఆర్నెల్లలోంచి రెండు ఉదాహరణలు చెప్పగలరా?"

"విజిబిలిటీ పెరగాలి" అన్న జవాబు తరచుగా వస్తుంది. అక్కడ ఆగిపోకండి. ఎవరికి కనపడాలి, ఏ పని ద్వారా, ఈ మూడు నెలల్లో ఆ పని నాకు ఇవ్వగలరా అని అడగండి. మాట్లాడిన రోజే ఐదు లైన్ల మెయిల్ పంపండి: ఏ లోట్లు చెప్పారు, ఏ పని ఒప్పుకున్నారు, మళ్ళీ ఎప్పుడు మాట్లాడతాం. మేనేజరు మారితే కొత్తవాళ్ళకు చూపించడానికి మీ దగ్గర ఉండే ఆధారం ఇదొక్కటే. "బడ్జెట్ లేదు, వచ్చేసారి చూద్దాం" అని ఒకసారి అంటే నమ్మండి. రెండోసారి కూడా అదే మాట, లోటేమిటో చెప్పకుండా వస్తే, అక్కడ చోటు లేదని అర్థం చేసుకుని బయట వెతకడం మొదలుపెట్టండి.

మూడు నెలలకోసారి 45 నిమిషాలు ఆ పేజీ ముందు కూర్చోండి. ఏ వరస కదిలింది, కదలనిదానికి కారణం సమయమా, అవకాశమా, ఇష్టమా. సమయమైతే తేదీ జరపండి. అవకాశమైతే వేరే పని అడగండి. వరసగా రెండుసార్లు ఇష్టం లేక కదలకపోతే ఆ లక్ష్యం వేరేవాళ్ళ కోసం రాసుకున్నది, కొట్టేయండి.

మారాలని తేలితే, రాజీనామాకు ముందు చూసుకోవాల్సిన తేదీలు

నోటీసు 60 నుంచి 90 రోజులు ఉండొచ్చు. చాలా కంపెనీలు వేరియబుల్‌ను చెల్లించే రోజుకు ఇంకా ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే ఇస్తాయి, కాబట్టి పాలసీలో ఆ వాక్యం వెతకండి. చేరేటప్పుడు ఇచ్చిన బోనస్‌ను ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టమంటారు. గ్రాట్యుటీకి శాశ్వత ఉద్యోగులకు ఐదేళ్ళ సర్వీసు కావాలి. బేసిక్ నెలకు 75,000 ఉంటే, దాన్ని 15తో హెచ్చవేసి 26తో భాగించి ఐదేళ్ళకు లెక్కగడితే దాదాపు 2,16,000 రూపాయలు. నాలుగున్నరేళ్ళకు తొందరపడి వెళ్ళిపోయేముందు ఈ అంకె చూసుకోండి. పీఎఫ్ డబ్బు తీసుకోవద్దు, అదే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) మీద కొత్త కంపెనీకి బదిలీ చేయించుకోండి. ఐదేళ్ళ లోపు తీసేస్తే పన్ను పడుతుంది. పాత కంపెనీ నిష్క్రమణ తేదీ పీఎఫ్ రికార్డులో సరిగ్గా పడిందో లేదో చూడండి. కొత్త ఉద్యోగం చేరిన తేదీతో అది కలిసిపోతే ఒకేసారి రెండుచోట్ల పనిచేసినట్టు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఇరుక్కుంటారు.

అమ్మానాన్నలు మీ ఆఫీసు ఆరోగ్య బీమాలో ఉంటే, చాలాచోట్ల అది మీ ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది. కొత్త కంపెనీ తల్లిదండ్రులను చేరుస్తుందా, ముందే ఉన్న షుగరు, బీపీలకు మొదటిరోజు నుంచే వర్తిస్తుందా అని ఆఫర్ ఒప్పుకునేముందే మెయిల్‌లో అడిగి జవాబు తీసుకోండి. విడిగా కొత్త పాలసీ తీసుకుంటే అలాంటి జబ్బులకు 3 సంవత్సరాల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. అందుకే ఈ ఒక్క జవాబు చేతికొచ్చాకే రాజీనామా మెయిల్ పంపండి.